మేమా, మనమా? నయాగరా దగ్గర ఒక వేసవి రోజు

ఈ పాఠం ఎందుకు?

మీరు ఇంట్లో తెలుగు వింటారు. అమ్మానాన్నలు అడిగితే తెలుగులో జవాబు చెబుతారు. మధ్యలో చిన్న తప్పులు వచ్చినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. "పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారు, అదే చాలు" అంటారు.

కానీ కొన్ని మాటలు ఉన్నాయి. వాటిలో ఒకదాని బదులు ఇంకొకటి వాడితే వినేవాళ్లకు అది తప్పులా వినిపించదు. వేరే అర్థం వినిపిస్తుంది. వాళ్లు మిమ్మల్ని సరిదిద్దరు. ఎందుకంటే మీరు తప్పు మాట్లాడారని వాళ్లకు తెలియదు. మీరు అన్నదే మీ మనసులో ఉందని అనుకుంటారు.

అలాంటి జంట ఒకటి ఈ పాఠంలో నేర్చుకుందాం: మేము, మనం. ఇంగ్లీషులో ఈ రెండింటికీ "వి" అనే ఒక్క మాటే ఉంది. అందుకే ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో మాట్లాడేవాళ్లు ఇక్కడ తడబడతారు.

చదివే ముందు

ఈ ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో పైకి జవాబు చెప్పండి.

1. వేసవి సెలవుల్లో మీరు ఎవరింటికైనా వెళ్లారా? ఎవరింటికి?
2. వాళ్లింట్లో పెద్దవాళ్లు ఉన్నారా? వాళ్లను మీరు ఏమని పిలిచారు?
3. మీ ఇంట్లో పెద్దవాళ్లు "వద్దులే" అంటే, నిజంగా వద్దని అర్థమా?

ఈ మాటలు చూసుకోండి.

జలపాతం: ఎత్తు నుంచి కిందికి దూకే నీళ్లు.
తుంపర: గాలిలో ఎగిరి మీద పడే సన్నని నీటి చుక్కలు.
హోరు: ఆగకుండా వినిపించే పెద్ద చప్పుడు.
రేవు: పడవ ఎక్కే, దిగే చోటు.
లాంచీ: ఇంజనుతో నడిచే పెద్ద పడవ.
తడిసి ముద్దవడం: తల నుంచి కాళ్ల దాకా పూర్తిగా తడిసిపోవడం.
మొహమాటం: మనసులో ఉన్న కోరిక పైకి చెప్పడానికి వెనకాడటం.

చదవండి: ఒకటో భాగం – ప్రయాణం

కావ్యకు పదమూడేళ్లు. డాలస్‌లో ఉంటుంది. జులై నెలాఖరులో అమ్మ, నాన్న, తమ్ముడు చిన్నుతో కలిసి కెనడా వెళ్లింది. నాన్నతో ఇంజనీరింగ్ చదివిన స్నేహితుడు మిస్సిసాగాలో ఉంటారు. కావ్య ఆయన్ని బాబాయ్ అని, ఆయన భార్యను పిన్ని అని పిలుస్తుంది. వాళ్ల అమ్మాయి సాహితికి పన్నెండేళ్లు.

ఆ వేసవిలో వాళ్లింట్లో ఇంకొకరు కూడా ఉన్నారు. బాబాయ్ వాళ్ల అమ్మగారు. ఆమె రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. సాహితి ఆమెను నానమ్మ అంటుంది. కావ్య, చిన్ను మామ్మగారు అంటారు.

శనివారం పొద్దున్న ఆరింటికే వంటింట్లో సందడి మొదలైంది. పిన్ని పులిహోర కలిపింది. అమ్మ దద్దోజనానికి పోపు పెట్టింది. మామ్మగారు ఊరమిరపకాయలు వేయించి డబ్బాలో సర్దారు. తర్వాత గదిలోకి వెళ్లి తన గుడ్డ సంచీ తనే సర్దుకున్నారు.

"ఏం పెట్టుకున్నావు నానమ్మా?" అని సాహితి అడిగింది.

"ఏదో, నా సామాను నాది" అన్నారు మామ్మగారు నవ్వుతూ. ఆ రోజు ఆవిడ చెప్పులు వేసుకోలేదు. సాహితి పాత బూట్లు వేసుకుని, గట్టిగా తాళ్లు కట్టించుకున్నారు.

ఎనిమిది మందీ ఒకే వ్యానులో ఎక్కారు. మిస్సిసాగా నుంచి నయాగరా జలపాతానికి ట్రాఫిక్ లేకపోతే సుమారు గంటన్నర. దారిలో బర్లింగ్టన్ దగ్గర పెద్ద వంతెన ఎక్కినప్పుడు ఒక పక్కన అంటారియో సరస్సు కనిపించింది.

"అటువైపు ఒడ్డు కనపడటం లేదే! ఇది సముద్రమా?" అని చిన్ను అడిగాడు.

"కాదు, సరస్సు. మా కెనడాలో ఇలాంటివి చాలా ఉన్నాయి" అంది సాహితి.

"దీంట్లో సగం మాది కూడా. అవతలి ఒడ్డు మా అమెరికా" అన్నాడు చిన్ను.

వెనక సీట్లోంచి మామ్మగారు అన్నారు: "మీ కెనడా, మీ అమెరికా సరే. మరి మన గోదారి సంగతేమిటర్రా?"

అందరూ నవ్వారు.

ఇక్కడ ఆగండి. సాహితి "మా కెనడా" అంది. చిన్ను "మా అమెరికా" అన్నాడు. మామ్మగారు మాత్రం "మన గోదారి" అన్నారు. ఎందుకు? మీకు తోచిన జవాబు ఒక కాగితం మీద రాసుకోండి. పాఠం చివర మళ్లీ చూద్దాం.

రెండో భాగం – రేవు దగ్గర

నయాగరా చేరేసరికి పదిన్నర అయింది. కారు దిగగానే ముందు హోరు వినిపించింది. ఆ తర్వాతే నీళ్లు కనిపించాయి. గుర్రపు లాడంలా వంగిన అంచు మీద నుంచి ఆకుపచ్చగా మెరిసే నీళ్లు దూకుతున్నాయి. కింద తెల్లగా నురుగు. ఆ నురుగులోంచి పొగలా తుంపర పైకి లేస్తోంది.

మామ్మగారు కటకటాలు పట్టుకుని చాలాసేపు చూశారు. "ఎంత నీరు తల్లీ! ఎక్కడి నుంచి వస్తోందో!" అన్నారు. కింద నదిలో ఒక లాంచీ జలపాతం వైపు వెళ్తోంది. అందులో అందరూ ఎర్రటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు వేసుకున్నారు. "అంత దగ్గరికి వెళ్తారా?" అని ఆశ్చర్యపోయారు.

కాసేపటికి మామ్మగారు కొంచెం దూరంలో చెట్టు నీడన బల్ల మీద కూర్చున్నారు. మిగతావాళ్లు టికెట్ల దగ్గర నిలబడ్డారు. క్యూ పొడుగ్గా ఉంది.

"కావ్యా, ఎన్ని టికెట్లు తియ్యాలో తెలియాలి. మామ్మగారిని కూడా పిలుచుకురా" అన్నారు నాన్న.

కావ్య పరిగెత్తుకుంటూ వెళ్లింది. ఆయాసపడుతూ చెప్పింది:

"మామ్మగారూ, మేము పడవ ఎక్కుతున్నాం! నాన్న టికెట్లు తీసుకుంటున్నారు!"

మామ్మగారు ఒక్క క్షణం కావ్య ముఖం చూశారు. తర్వాత నవ్వి, "సరేనమ్మా, జాగ్రత్తగా వెళ్లి రండి. సామాను నేను చూసుకుంటాలే" అన్నారు.

కావ్య తిరిగి వచ్చి, "మామ్మగారు రారంట. సామాను చూసుకుంటారంట" అని చెప్పింది.

"అమ్మకి మోకాళ్ల నొప్పులు కదా, అందుకే అయ్యుంటుంది" అన్నారు బాబాయ్. క్యూ కదిలింది. ఏడు టికెట్లు తీసుకున్నారు.

లాంచీ ముందు అమెరికన్ జలపాతం పక్కనుంచి వెళ్లింది. తర్వాత గుర్రపు లాడం మధ్యలోకి వెళ్లి ఆగినట్టే ఆగింది. మూడు వైపులా నీటి గోడలు. ఎవరేమన్నా వినపడలేదు. చిన్ను కోటు గాలికి ఎగిరిపోయి, వాడు తడిసి ముద్దయ్యాడు. కావ్య ఒడ్డు వైపు చూసింది. అంత దూరం నుంచి చెట్టు కింద ఎవరున్నారో కనపడలేదు.

ఇక్కడ ఆగండి. కావ్య మాటలు మళ్లీ చదవండి. అందులో ఉచ్చారణ తప్పు ఉందా? వ్యాకరణం తప్పు ఉందా? మర్యాద లోపం ఉందా?

మూడో భాగం – సంచిలో చీర

పడవ దిగాక పార్కులో గడ్డి మీద దుప్పటి పరిచారు. పిన్ని డబ్బాలు తెరిచింది. స్పూన్లు కనపడలేదు.

"ఆ గుడ్డ సంచిలో ఉన్నాయేమో చూడు కావ్యా" అంది అమ్మ.

కావ్య సంచి తెరిచింది. స్పూన్లు లేవు. అందులో మడత పెట్టిన నూలు చీర ఒకటి, తువ్వాలు ఒకటి, తల తుడుచుకోవడానికి ఇంకో చిన్న తువ్వాలు ఉన్నాయి. కళ్లజోడు తడవకుండా పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ కవరు కూడా ఉంది.

కావ్యకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు మామ్మగారి కాళ్ల వైపు చూసింది. బూట్లు. గట్టిగా కట్టిన తాళ్లు.

అమ్మను పక్కకు పిలిచి, "అమ్మా, మామ్మగారు పడవ ఎక్కాలనే వచ్చారు. మారుచీర కూడా తెచ్చుకున్నారు. మరి రానని ఎందుకన్నారు?" అని అడిగింది.

"నువ్వు ఏమని పిలిచావు?"

"మేము పడవ ఎక్కుతున్నాం అని చెప్పాను."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "మేము అంటే ఆవిడ కాకుండా మిగతావాళ్లం అని. నువ్వు పిలవలేదు కావ్యా. వెళ్తున్నామని చెప్పి వచ్చావు."

కావ్యకు పులిహోర గొంతు దిగలేదు. ఆవిడ అడగలేదు. అలగలేదు. "నేనూ వస్తా" అని కూడా అనలేదు. పిల్లలు సరదాగా వెళ్తున్నారు, వాళ్లకు అడ్డెందుకు అనుకుని గంటసేపు ఒంటరిగా కూర్చున్నారు.

నాలుగో భాగం – రెండోసారి

భోజనాలయ్యాక కావ్య మామ్మగారి పక్కన కూర్చుంది.

"మామ్మగారూ, మనం పడవ ఎక్కుదాం, రండి."

"మీరు ఎక్కొచ్చారుగా తల్లీ. మళ్లీ డబ్బులు దండగ."

"పొద్దున్న నేను తప్పు చెప్పాను మామ్మగారూ. మనం అనబోయి మేము అన్నాను. నాకు ఆ తేడా తెలియలేదు. మిమ్మల్ని వదిలేసి వెళ్లాలని కాదు."

మామ్మగారు కావ్య వైపు చూసి, "ఓసి పిచ్చి మొద్దూ! అదా సంగతి?" అన్నారు. అంతవరకూ పక్కన పెట్టిన సంచి ఒళ్లోకి తీసుకున్నారు. "మరి నా కళ్లజోడు కవరులో పెట్టుకోనా?"

నాన్న వెళ్లి మళ్లీ మూడు టికెట్లు కొన్నారు. మామ్మగారు, కావ్య, సాహితి వెళ్లారు. మధ్యాహ్నం మూడు దాటింది. ఎండ వాళ్ల వెనక నుంచి పడుతోంది. పొద్దున్న కనపడని ఇంద్రధనుస్సు ఇప్పుడు తుంపర మీద నిండుగా కనిపించింది.

లాంచీ నీటి గోడల మధ్యకు చేరినప్పుడు మామ్మగారు కోటు టోపీ తీసేశారు.

"నానమ్మా, తడుస్తావు!" అని సాహితి అరిచింది.

"తడవడానికేగా వచ్చింది!" అని మామ్మగారు అంతకన్నా గట్టిగా అరిచారు.

ఒడ్డుకు వచ్చాక పొడి చీర కట్టుకుని, తల తుడుచుకుంటూ అన్నారు: "పాపికొండలకి లాంచీ మీద వెళ్లాను కానీ, ఇలా నీళ్లు నెత్తిన పోసుకోలేదు. గోదారికి వరదొచ్చినప్పుడు ఇలాగే హోరుమంటుంది. ఈసారి మీరు రాజమండ్రి రండి. మనం లాంచీ ఎక్కుదాం."

కావ్య ఆ ఆఖరి మాట విని నవ్వింది. ఇప్పుడు అందులో తను ఉందో లేదో అడగక్కర్లేదు.

అసలు తేడా ఏమిటి?

కావ్య వాక్యంలో ప్రతి మాటా సరైనదే. "మేము పడవ ఎక్కుతున్నాం" అనే వాక్యాన్ని ఏ తెలుగు టీచరూ తప్పని కొట్టెయ్యరు. చిక్కు అక్కడే ఉంది. వాక్యం సరైనదే, కానీ కావ్య చెప్పాలనుకున్నది అది కాదు.

మేము: నేను, నాతో ఉన్నవాళ్లు. నా మాట వింటున్న మీరు కాదు.
మనం: నేను, మీరు కూడా. మిగతావాళ్లు ఉండొచ్చు, లేకపోవచ్చు.

గుర్తుపెట్టుకోవడానికి సులువైన ప్రశ్న ఒకటే: వినేవాళ్లు ఇందులో ఉన్నారా? ఉంటే మనం. లేకపోతే మేము.

ఈ జంట వేర్వేరు రూపాల్లో వస్తుంది. ఒక్కొక్కటి పైకి చదవండి.

మేము (మాట్లాడేటప్పుడు మేం) – మనము (మాట్లాడేటప్పుడు మనం)
మా ఇల్లు – మన ఇల్లు
మాకు కావాలి – మనకు (మనకి) కావాలి
మమ్మల్ని పిలిచారు – మనల్ని పిలిచారు
మాతో రండి – మనతో వస్తారు
ఇది మాది – ఇది మనది

ఇప్పుడు క్రియ చూడండి. "మేము వెళ్తాం", "మనం వెళ్తాం". క్రియ రెండింటికీ ఒకటే. కాబట్టి క్రియను బట్టి తేడా తెలియదు. మొదటి మాట మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఒక్కోసారి మొదటి మాట వదిలేసి "రేపు వెళ్తాం" అని మాత్రమే అంటాం. అప్పుడు వినేవాళ్లు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి.

కానీ ఒక రూపంలో అసలు సందేహం ఉండదు. అది "దాం" రూపం. వెళ్దాం, తిందాం, ఎక్కుదాం, చూద్దాం, ఆడుకుందాం. ఇందులో వినేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. "మేము వెళ్దాం" అని తెలుగులో అనరు. కాబట్టి ఎవరినైనా కలుపుకుని పిలవాలంటే, మేమా మనమా అని తడబాటు వస్తే, "దాం" వాడండి. "మామ్మగారూ, పడవ ఎక్కుదాం రండి" అని ఉంటే కావ్యకు ఆ ఇబ్బంది వచ్చేదే కాదు.

ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందీ, అరబిక్ భాషల్లో ఈ తేడాకు వేరు వేరు మాటలు లేవు. తమిళంలో ఉన్నాయి: నాంగళ్ అంటే మేము, నామ్ అంటే మనం. మలేసియాలో ఉన్న పిల్లలకు ఇది ఇంకా సులువు. మలయ్ భాషలో కామి అంటే మేము, కీతా అంటే మనం. మీకు ఆ భాష వస్తే తేడా మీకు ముందే తెలుసు. తెలుగులోకి తెచ్చుకోవడమే మిగిలింది.

మేము చెడ్డ మాట కాదు

కథ చదివాక కొందరు పిల్లలు అన్నిచోట్లా "మనం" అనడం మొదలుపెడతారు. అదీ పొరపాటే. ఫోన్లో అమ్మమ్మతో "నిన్న మనం నయాగరా వెళ్లాం" అంటే, ఆవిడ "నేనెప్పుడు వచ్చానే?" అని అడుగుతుంది. అక్కడ "మేము" అనే చెప్పాలి.

ఇంటి గురించి చెప్పేటప్పుడు కూడా ఇంతే. స్నేహితుడితో "మా ఇంటికి రా" అంటాం. చెల్లెలితో "మన ఇంటికి వెళ్దాం" అంటాం. ఇంటికి వచ్చిన చుట్టాలతో పెద్దవాళ్లు "మన ఇల్లే అనుకోండి" అంటారు. ఇల్లు వాళ్లదే. కానీ "మన" అనడంతో వచ్చినవాళ్లను ఇంటివాళ్లలో కలిపేసుకుంటారు.

కొత్తవాళ్లు కలిసినప్పుడు కొందరు పెద్దవాళ్లు "మనది ఏ ఊరండీ?" అని అడగడం మీరు వినే ఉంటారు. నిజానికి అడుగుతున్నది అవతలివాళ్ల ఊరి గురించి. "మీది" అనకుండా "మనది" అనడం ఒక ఆత్మీయమైన పద్ధతి. అప్పుడు కంగారుపడకండి. మీ ఊరి పేరు చెప్పండి.

మొహమాటం గురించి నాలుగు మాటలు

మామ్మగారు రావాలనుకున్నారు. అయినా ఎందుకు అడగలేదు? ఇది భాష ఒక్కటే కాదు, అలవాటు కూడా. చాలామంది పెద్దవాళ్లు తమ కోరిక తాము నోటితో చెప్పరు. ఎవరైనా పిలిస్తే మొదటిసారి "వద్దులేమ్మా" అంటారు. అది ఎప్పుడూ ఆఖరి జవాబు కాదు. ముఖ్యంగా పరాయి దేశంలో, కారు నడపలేని చోట, టికెట్టు తామే కొనుక్కోలేని చోట, "నా వల్ల వీళ్లకు ఖర్చు, ఇబ్బంది" అనే ఆలోచన ఎక్కువగా ఉంటుంది.

అందుకే పెద్దవాళ్లను ఎక్కడికైనా పిలిచేటప్పుడు ఈ మూడూ చెయ్యండి.

ఒకటి: "మనం", "దాం" వాడండి. "మనం చూద్దాం రండి."
రెండు: వాళ్ల కోసం ఏం చేస్తున్నారో చెప్పండి. "మీకూ టికెట్టు తీసుకుంటున్నాం."
మూడు: వద్దంటే ఇంకొక్కసారి అడగండి. "నిజంగా వద్దా? కాళ్లు నొప్పా? మెల్లగా వెళ్దాం."

రెండోసారీ వద్దంటే, అప్పుడు వాళ్ల మాట వినండి. బలవంతం చెయ్యకండి.

తెలుసుకోండి: నయాగరా, గోదావరి

"ఎక్కడి నుంచి వస్తోందో" అని మామ్మగారు అడిగారు కదా. సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ అనే నాలుగు పెద్ద సరస్సుల నీళ్లు ఈరీ నుంచి నయాగరా నదిగా బయలుదేరి, ఉత్తరం వైపు పారి అంటారియో సరస్సులో కలుస్తాయి. నది పొడవు సుమారు 58 కిలోమీటర్లు మాత్రమే. గోదావరి మహారాష్ట్రలో త్రయంబకం దగ్గర పుట్టి బంగాళాఖాతం చేరేసరికి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే నయాగరాకు దాదాపు 25 రెట్లు.

నయాగరా దగ్గర ఉన్నవి మూడు జలపాతాలు: గుర్రపు లాడం ఆకారంలో ఉన్న హార్స్‌షూ, అమెరికన్, వాటి మధ్య సన్నగా ఉండే బ్రైడల్ వెయిల్. హార్స్‌షూ ఎత్తు సుమారు 57 మీటర్లు. నీటి దెబ్బకు కింది రాయి అరిగి, పైరాయి విరిగిపడుతూ ఉంటుంది. అలా గత 12,000 ఏళ్లలో జలపాతం సుమారు 11 కిలోమీటర్లు వెనక్కి జరిగింది.

మనం చూసే నీళ్లు నదిలోని నీళ్లన్నీ కావు. చాలా భాగాన్ని రెండు దేశాలూ కరెంటు తయారీకి మళ్లిస్తాయి. 1950లో కెనడా, అమెరికా ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం వేసవిలో పగటిపూట సెకనుకు కనీసం ఒక లక్ష ఘనపుటడుగుల నీళ్లు జలపాతాల మీదుగా వదలాలి. రాత్రిళ్లు, చలికాలంలో అందులో సగం వదిలితే చాలు. వేసవి పగలు వెళ్లినవాళ్లకు జలపాతం నిండుగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

కెనడా ఒడ్డు నుంచి మధ్యాహ్నం ఇంద్రధనుస్సు బాగా కనిపిస్తుంది. ఇంద్రధనుస్సు కనపడాలంటే సూర్యుడు మన వెనక ఉండాలి, తుంపర ఎదురుగా ఉండాలి. కెనడా ఒడ్డు పడమటి వైపు ఉంది. మధ్యాహ్నం సూర్యుడు పడమటికి వాలతాడు. అందుకే మామ్మగారికి దొరికిన ఇంద్రధనుస్సు పొద్దున్న వెళ్లినవాళ్లకు దొరకలేదు.

అభ్యాసాలు

అ. జవాబులు రాయండి.
1. మామ్మగారు పడవ ఎక్కాలనుకున్నారని చెప్పే గుర్తులు కథలో కనీసం మూడు ఉన్నాయి. అవి ఏవి?
2. మామ్మగారు రావడం లేదని విన్నప్పుడు బాబాయ్ ఏమనుకున్నారు? ఆయన ఏం చేసి ఉంటే బాగుండేది?
3. "నువ్వు పిలవలేదు, చెప్పి వచ్చావు" అని అమ్మ ఎందుకు అంది?

ఆ. ఖాళీల్లో మేము, మనం, మా, మన, మాకు, మనకు – వీటిలో సరైనది రాయండి.
1. (తాతగారితో ఫోన్లో) తాతగారూ, ఇక్కడ ____ స్కూలు సోమవారం మొదలవుతుంది.
2. (తమ్ముడితో) అమ్మ పిలుస్తోంది, ____ ఇంటికి వెళ్దాం.
3. (పిన్నితో, ఆవిడ చేసిన భోజనం అయ్యాక) పిన్నీ, పులిహోర ____ చాలా నచ్చింది.
4. (కారులో అందరితో) ఇంకా ఎంత దూరం? ____ ఎప్పుడు చేరతాం?
5. (మీ ఇంటికి మొదటిసారి వచ్చిన స్నేహితురాలితో) ఇది ____ గది. నేనూ అక్కా ఇక్కడే పడుకుంటాం.
6. (స్నేహితులతో ఆటకు ముందు) ఇంకో మనిషి కావాలి, ____ నలుగురమే ఉన్నాం.

ఇ. ఈ వాక్యాలను "దాం" రూపంలోకి మార్చండి.
ఉదాహరణ: మేము పార్కుకు వెళ్తున్నాం. – మనం పార్కుకు వెళ్దాం.
1. మేము ఐస్‌క్రీం తింటున్నాం.
2. మేము ఫోటో తీసుకుంటున్నాం.
3. మేము కాసేపు ఇక్కడ కూర్చుంటున్నాం.
4. మేము సాయంత్రం దీపాలు చూస్తున్నాం.

ఈ. జంటగా మాట్లాడండి. ఒకరు మామ్మగారు, ఒకరు కావ్య. రేవు దగ్గర కావ్య మొదటిసారే సరిగ్గా పిలిచినట్టు సంభాషణ అల్లండి. మామ్మగారు ఒక్కసారైనా "వద్దులేమ్మా" అనాలి.

ఉ. ఇంట్లో అడిగి రాయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని ఇలా అడగండి: "మీరు చిన్నప్పుడు ఏ నదిలో, ఏ చెరువులో పడవ ఎక్కారు? ఎవరితో వెళ్లారు?" వాళ్లు చెప్పింది ఎనిమిది వాక్యాల్లో రాయండి. వాళ్లు ఎక్కడ "మేము" అన్నారో, ఎక్కడ "మనం" అన్నారో గీత గీయండి.

జవాబులు సరిచూసుకోండి

ఆ. 1. మా. తాతగారు మీ స్కూల్లో చదవడం లేదు. 2. మన. తమ్ముడిదీ అదే ఇల్లు. 3. మాకు. వండింది పిన్ని, తిని మెచ్చుకుంటున్నది మీరు. 4. మనం. కారులో అందరూ చేరాల్సిందే. 5. మా. గది మీదీ అక్కదీ, వింటున్న స్నేహితురాలిది కాదు. 6. మనం. వింటున్న స్నేహితులూ ఆ నలుగురిలో ఉన్నారు.

ఇ. 1. మనం ఐస్‌క్రీం తిందాం. 2. మనం ఫోటో తీసుకుందాం. 3. మనం కాసేపు ఇక్కడ కూర్చుందాం. 4. మనం సాయంత్రం దీపాలు చూద్దాం.

చివరగా, మొదట్లో మీరు కాగితం మీద రాసుకున్న జవాబు తీయండి. సాహితి "మా కెనడా" అన్నప్పుడు డాలస్ నుంచి వచ్చినవాళ్లు అందులో లేరు. చిన్ను "మా అమెరికా" అన్నప్పుడు సాహితి అందులో లేదు. వాళ్లిద్దరి మాటా సరైనదే. మామ్మగారు "మన గోదారి" అన్నప్పుడు మాత్రం వ్యానులో ఉన్న ఎనిమిది మందినీ అందులో కలుపుకున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆ నదిని ఇంకా చూడనే లేదేమో. అయినా ఆవిడ లెక్కలో వాళ్లూ ఉన్నారు.

ఈ వారం ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కసారైనా "మనం" అని పిలవండి. నడకకో, దుకాణానికో, పక్క వీధి పార్కుకో. మొదట వద్దంటే ఏం చెయ్యాలో ఇప్పుడు మీకు తెలుసు.